మూడో చుక్క

నవ్వకండి వదినా, స్టూడియోలో తెల్ల కాగితానికి ఫొటోలు తీసింది పని లేక కాదు. ఏడు తీశా. అన్నిట్లో ఒకే చోట రెండు నల్ల చుక్కలు. కాగితం జరిపినా అవి జరగలేదు.

ముందు అడగాల్సింది మర్చిపోయా. మీరూ అన్నయ్యా కులాసాయేనా? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు నయం, మెట్లు ఎక్కేస్తోంది.

పోయినసారి మీరు రాశారు: "మరిదీ, కొత్త ఉద్యోగం వాళ్ళు నా ఫొటో వెనక్కిచ్చేశారు. ఫారంలో గడ్డం మీద పుట్టుమచ్చ అని రాశావు, ఫొటోలో ఏదమ్మా అంటున్నారు. సోమవారం లోపు సరైంది ఇవ్వకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారంట. మీ స్టూడియో కెమెరా గానీ పాడైందా ఏంటి?"

పాడైందనే అనొచ్చు. అది సగమే నిజం.

కెమెరా లోపల లక్షల గళ్ళుంటాయి. ఒక్కో గడి ఒక్కో చుక్క వెలుతురు పట్టుకుంటుంది. మా దాంట్లో రెండు చచ్చిపోయాయి. ఎవరి ఫొటో తీసినా ఆ రెండు చోట్లా నలుపే. రోజూ నేనే చెరుపుతా, చెయ్యి అలవాటైపోయింది. మీరు ఊరెళ్ళే ముందు తీసిన ఫొటోలో మూడు కనిపించాయి. మూడూ చెరిపేశా.

తప్పు నాదే వదినా. ఏడాది ఒకే ఇంట్లో ఉన్నాం, మీ మొహంలోకి నేను సరిగ్గా చూసిందే లేదు. మీరు అన్నం వడ్డిస్తున్నా కంచంలోకే చూసేవాణ్ణి. "మీ తమ్ముడికి నాకన్నా నేలంటేనే ఇష్టం" అని మీరు అన్నయ్యతో అనడం విన్నా.

నిన్న ఓనర్‌కి చెప్పేశా. తిడతాడనుకుంటే పడీ పడీ నవ్వాడు. "ఒరేయ్, మనుషులకి కూడా రిపేర్లు మొదలెట్టావా! మనిషి తల తిప్పితే మచ్చా తిరుగుద్ది, చచ్చిన గడి తిరగదు. ముందు మొహం చూడు, తర్వాత మౌస్ పట్టుకో" అన్నాడు.

మీవి నాలుగు ఫొటోలు కార్డులో అలాగే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూశా. రెండు చుక్కలు కదల్లేదు, మూడోది మీ గడ్డంతో పాటే కదిలింది. పెద్దది చేస్తే ఆ రెండూ నలుచదరం, మూడోది గుండ్రం. ఇక నాకు అనుమానం లేదు. ఆ రెండే చెరిపి, ఫొటో దీంతో పాటే పంపుతున్నా. ప్రింట్లు కొరియర్‌లో వేశా, శనివారానికి అందుతాయి. ఈసారి వెనక్కి రాదు.

కానీ వాళ్ళకన్నా ముందు మీరు చూడాలి. ఇప్పుడు ఫొటోలో ఉన్నది మీరేనా వదినా?

ఇట్లు,
తలెత్తడం నేర్చుకుంటున్న మీ మరిది