గడ్డ వంశం, మన వంశం కాదు

అమ్మాయీ,

పాలు కాచి మూతపెట్టాను. మీ అత్తగారికి పదింటికి మాత్ర ఇవ్వు. నేను ఒంటరిగానే ఆసుపత్రికి వెళుతున్నాను. అబ్బాయిని నా వెనకాల పంపవద్దు.

నా మెడమీది గడ్డ లింఫోమా క్యాన్సరో కాదో ముక్క తీసి చూసినా తేలలేదు. అందుకే ఈ జన్యుపరీక్ష. ఆ మాట వినగానే మీ అత్తగారు, "మా పుట్టింట్లో ఎవరికీ లేదు, మీ వాళ్ళ నుంచే వచ్చుంటుంది" అన్నారు. అబ్బాయేమో, "వంశం గుట్టు రట్టు చేసుకోవడం దేనికి నాన్నా" అంటూ వాయిదా వేయించాడు. ఆ పరీక్ష విచారించేది గడ్డలోని కణాల వంశాన్ని, మన వంశాన్ని కాదు. అవన్నీ ఒకే కణం సంతానమైతే క్యాన్సరన్న అనుమానం బలపడుతుంది. ఈరోజు ఆ పరీక్షకు ఒప్పుకుంటూ సంతకం చేసి తీరతాను. ఒంట్లో దూరినవాడి పేరైనా అడగకుండా లొంగిపోయే మనిషిని కాను.

తాజాకలం: ఫలితం మీ అత్తగారికి నేనే చెబుతాను. అంతవరకూ ఆవిడ ఎవరి వంశాన్ని తిట్టినా ఎదురు చెప్పకు. అది కోపం కాదు, భయం.