షవర్ల గదికి తాళం

మార్కాపురం,
ఏప్రిల్ 21.

ఓనరు గారికి మీ స్విమ్మింగ్ పూల్ కాపలాదారు నమస్కరించి రాసేది.

నీళ్లలో రోగాలు అంటకుండా "సబ్బుతో స్నానం చేశాకే పూల్‌లో దిగాలి" అని మీరు రాయించిన బోర్డు కట్టాను. జనం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. టికెట్ కొని, షవర్ల గదిలో స్నానం చేసి, ఇంటికి పోతున్నారు. పూల్‌లో ఎవరూ దిగడం లేదు.

రోజూ మనవరాళ్లతో వచ్చే మగ్దలీనమ్మను ఇదేందని అడిగాను. "మా వీధికి ట్యాంకర్ వచ్చి ఆరు దినాలాయ అబ్బయ్యా. ఈత ఎవురికి గావాల?" అంది.

పూల్ నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. పరీక్షలో ఒక్క క్రిమి కూడా దొరకలేదు.

బోరు ఎండిపోతోందని, షవర్ల గదికి తాళం వేయమని చీటీ పంపారు. వేస్తాను. మరునాటి నుంచి అందరూ సబ్బుతో సహా పూల్‌లోకే దిగుతారు. ముందు దిగేది మా ఇంటివాళ్లే.

తాళం చేతిలో పట్టుకుని మీ జవాబు కోసం చూస్తూ,
విధేయుడు.