వినపడదని చెప్పాను

హికరీ ఫోర్క్, కెంటకీ
అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం

నా మరిసెలాకి,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా రెండు మాటలకే పెట్టేస్తావు, నా మీద కోపమా అని అడిగావు. కోపం కాదే పిచ్చిదానా. కొండల మధ్య సిగ్నల్ అందదని చెబుతూ వచ్చాను కదా, అది నిజం కాదు. అసలు సంగతి చెప్పాలంటే ముందు చదువు గొడవ చెప్పాలి.

నా చదువుకి ప్రభుత్వం ఇచ్చే సాయం ఈ టర్మ్‌తో సరి. సైన్యంలో పనిచేసినవాళ్ళకి ఇన్ని నెలలని లెక్కకట్టి ఇస్తారు. నావి మోకాలు ఆపరేషన్లకే సగం పోయాయి. కాలేజీలో చేరి, కాలికి కట్టుతో మంచాన పడి మధ్యలో మానేసినా, ఆ నెలలు కరిగినట్టే. ఆఖరికి లెక్కల టీచరు చదువులో పడ్డాను, అదైనా కుదురుగా సాగింది. తీరా ఒడ్డు కనిపిస్తుంటే పడవకి చిల్లు పడింది. ఇంకా ఒక్క ఏడాది మిగిలింది. కాలేజీ ఆఫీసులో అమ్మాయి పాపం మర్యాదగానే చెప్పింది, జనవరి నుంచి ఫీజు మీరే కట్టుకోవాలండీ అని.

వెండెల్ సంగతి నీకు తెలుసుగా. స్కూలు బస్సు నడుపుతాడు, మిగతా వేళల్లో షెడ్డులో ఊరివాళ్ళ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఇల్లు తాకట్టు పెడదామన్నాడు. వాళ్ళ నాన్న గని నుంచి ఇంటికొచ్చి, మిగిలిన ఓపికతో ఒక్కో చెక్కపలకా కొట్టి కట్టుకున్న ఇల్లది. నేను వద్దన్నాను. "అప్పు ఎప్పుడో తీరుతుంది. మానేసిన చదువు తిరిగి పట్టుకోవడమే కష్టం" అన్నాడు. ఆ మనిషి ముఖం చూస్తే ఇంకా పట్టుదల వచ్చింది, ఈ ఇంటి మీద రూపాయి అప్పు కూడా నా వల్ల పడకూడదని. రూపాయేమిటంటావా, డాలరే అనుకో.

ఇంకో దారి కూడా చూశాను. తాలూకా ఆఫీసులో మాజీ సైనికులకి సలహాలు చెప్పే పెద్దాయన ఉన్నాడు, స్టాంపర్ గారని. గాయపడినవాళ్ళకి బతుకుతెరువు చూపించే పథకం ఒకటి విడిగా ఉందట. చదువు సాయం అయిపోయినా అది ఇస్తారట. కాకపోతే నాకు దాని గడువు కూడా దాటిపోయింది. గాయం ఉద్యోగానికి గట్టి అడ్డంకి అని తేలితే మాత్రం గడువు దాటినా చూస్తారని చెప్పి, "మోకాలు ఒక్కటే అయితే కష్టమమ్మా. ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు.

ఏమీ లేదండీ అని చెప్పి లేచి వచ్చేశాను.

ఉంది మరిసెలా. నాకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవి నీళ్ళలో మునిగి వింటున్నట్టు ఉంటుంది. సైన్యంలో మన లారీ పేలిన రోజు నుంచీ అంతే. ఆసుపత్రిలో అందరి కళ్ళూ నా మోకాలి మీదే. చెవులు పరీక్షిస్తూ శబ్దం వినపడితే చెయ్యెత్తమన్నారు. నేను అద్దం అవతల కూర్చున్నామె ముఖం చూసి, ఆమె మీట నొక్కిందనిపించినప్పుడల్లా చెయ్యెత్తాను. బండి నడపనివ్వరేమోనని భయం. తర్వాత అదే అలవాటైంది. పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. అర్థం కాకపోతే నవ్వుతాను. ఫోన్‌లో నీ పెదాలు కనిపించవు కదే.

ఇప్పుడు చెవిటిదాన్నని కాగితం మీద రాయించుకుంటే, రేపు ఏ బడిలోనైనా తరగతి చేతికిస్తారా? ఫీజు కట్టించుకోవడానికి, ఆ ఫీజుతో వచ్చే ఉద్యోగాన్ని పోగొట్టుకోవాలా? పోయిన బుధవారం చర్చి విందులో మా అత్తమ్మ ఓపల్ చిక్కుడుగింజలు వడ్డిస్తూ పక్కావిడతో అంటోంది. నేను అవతలి బల్ల దగ్గర ఉన్నాను, ఆవిడ పెదాలు కనిపించాయి. "మా కోడలు పిల్లలకి లెక్కలు చెబుతుందట. పెద్దవాళ్ళు పలకరిస్తే బదులు చెప్పడం మాత్రం ఇంకా ఏ కాలేజీలోనూ నేర్పలేదు." అందరూ నవ్వారు. మొక్కజొన్న రొట్టె పళ్ళెంలోనే వదిలేసి లేచాను.

అందుకే నిర్ణయించుకున్నాను. వచ్చే టర్మ్‌కి పేరు రాయించుకోను. హైవే మీది గోదాములో పెట్టెలు సర్దే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారు. అక్కడ ఎవరి మాటా వినక్కర్లేదు. వెండెల్‌కి ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను, తిట్టకు.

నీ
లొరీన్

*

లాస్ క్రూసెస్, న్యూ మెక్సికో
అక్టోబరు చివర

ఒసేయ్ లొరీన్,

తిట్టకని రాసి మరీ నా చేతికి కర్ర అందించావు. తిడతాను, కూర్చుని చదువు.

లారీ తగలబడుతుంటే నన్ను బయటికి లాగింది నువ్వు. నేను నీ ముఖం మీదికి వచ్చి నా వేళ్ళు పోయాయని అరుస్తుంటే "ఏంటీ, ఏంటీ" అని అడుగుతూనే ఉన్నావు. నీకు వినపడదని నాకు ఆ రోజే తెలుసు. తర్వాత బాగైపోయిందనుకున్నాను. నా వేళ్ళయితే మొలవవని తెలుసు, చెవుల సంగతి మనకేం తెలుసు?

ఆ చెయ్యి నేను ఎన్నేళ్ళు జేబులో దాచుకున్నానో నీకు చెప్పలేదు. పెళ్ళిచూపుల్లాంటి విందుకి వెళ్ళి, ఎడమచేత్తో సూప్ తాగుతూ బట్టల నిండా ఒలకబోసుకున్నాను. నన్ను చూడొచ్చిన రాజుగారు అప్పుడే పారిపోయాడు. ఇప్పుడు పెకాన్ కాయల తోట ఆఫీసులో అదే చేత్తో కంప్యూటర్ కొడుతున్నాను. నాకు ఆ పని నేర్పించింది మీ స్టాంపర్ గారు చెప్పిన పథకమే. గాయం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పాను, వాళ్ళు చూశారు, ఇచ్చారు. అది బిచ్చం కాదే. దాని ఖరీదు మనం ముందే కట్టేశాం.

ఇంకో మాట. పోయిన ఏడాది బడిలో నువ్వు అభ్యాస పాఠాలు చెప్పావు కదా? మంచి మార్కులు వచ్చాయని గొప్పగా రాశావు. ఆ పాఠాలు చెప్పింది వినపడని లొరీన్ కాదా? మరి రేపు కొత్తగా పోయేదేముంది?

డబ్బు పంపుతాననను. నువ్వు తిప్పి పంపుతావు, మన స్నేహం పోస్టాఫీసు వాళ్ళ పాలవుతుంది. ఒక్కటే చెబుతున్నాను. నాకు ఉత్తరంలో రాసిన ముక్క వెండెల్ ఎదురుగా నిలబడి నోటితో చెప్పు. తర్వాత గోదాముకి పోతావో బడికి పోతావో నీ ఇష్టం. మా అమ్మ ఎర్ర మిరపకాయల పొట్లం పంపింది. ఏడుపొస్తే మిరపకాయల మీద నెట్టెయ్యి.

నీ
మరిసెలా

*

హికరీ ఫోర్క్
జనవరి నెలాఖరు

మరిసెలా తల్లీ,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. అంతా తేలాక ఒకేసారి రాద్దామని ఆగాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు షెడ్డులోకి వెళ్ళాను. వెండెల్ ఏదో ఇంజను తిప్పుతున్నాడు. దాన్ని ఆపమని సైగ చేశాను. ఎదురుగా నిలబడి, "నాకు వినపడదు. ఎడమ చెవి అసలే వినపడదు" అని చెప్పాను. అంతకంటే ఇంకేం చెప్పాలో తెలియలేదు. వెండెల్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.  ఆ తర్వాత అన్న మాట విను. "నేను మాటలు నములుతున్నానేమో అనుకున్నాను. నా గొంతులో ఏమైనా ఉందా అని డాక్టరుకి కూడా చూపించుకున్నాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నీ మిరపకాయల మీద నెట్టేద్దామంటే అవి ఇంట్లో ఉన్నాయి. మొగుడు తప్పంతా తన గొంతుదే అనుకుని, ఏమనుకోకుండా చెప్పిందే మళ్ళీ చెబుతూ సంసారం చేశాడు.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ యాపిల్ ముక్కల పాత్ర పట్టుకుని వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసి ఎవరు పోయారని అడిగింది. వెండెల్ చెప్పేశాడు. ఆవిడ పాత్ర కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని నిలబడింది.

"అయితే నువ్వు నన్ను లెక్కచెయ్యక కాదా?"

కాదత్తమ్మా అన్నాను. ఆవిడకి ఎన్నెన్ని ఉన్నాయో లోపల. పెళ్ళైన కొత్తలో, తన తల్లి ఇచ్చిన గాజుగిన్నె నా చేతిలో పెట్టి మనసులో మాటలు నాలుగు చెప్పిందట. నేను బదులు పలక్కుండా గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయానట. అప్పటి నుంచీ ఆ కోపం అలాగే కాచుకుని కూర్చుంది.

"ఏం చెప్పారు అత్తమ్మా? ఇప్పుడు చెప్పండి, వింటాను" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "ఏమో, గుర్తులేదు. గిన్నె పగలగొట్టకు అని ఉంటాను" అంది.

వెండెల్ బకెట్ మీంచి పడబోయాడు. అత్తమ్మ మొదట ఉడుక్కుంది, తర్వాత తనూ నవ్వింది. ఇంటికి వెళ్ళేటప్పుడు నా ముందుకొచ్చి, గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, యాపిల్ ముక్కలు వేడి చేసుకుని తిను అని చెప్పి వెళ్ళింది.

స్టాంపర్ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆయన నన్ను చూసి ఒక్క మాట కూడా దెప్పలేదు, కుర్చీ జరిపి ఎదురుగా కూర్చున్నాడు. వినికిడి పరీక్షకి లెక్సింగ్టన్ వెళ్ళాల్సి వస్తే అత్తమ్మ కూడా కారెక్కింది. అద్దాల గదిలో ఈసారి కళ్ళు మూసుకున్నాను. భయం వేసింది మరిసెలా. చీకట్లో ఏ శబ్దమూ వినపడక చాలాసేపు కూర్చున్నాను, అవతల వాళ్ళు మీట నొక్కుతూనే ఉన్నారని తెలుసు. ఎప్పుడో దూరంగా చిన్న ఈల వినపడింది. అప్పుడు మాత్రమే చెయ్యెత్తాను. బయటికి వస్తే కాళ్ళు తేలికగా ఉన్నాయి, మోకాలితో సహా.

పథకం అధికారి పేరు బాటిల్ గారు. ఆమెతో నా భయమంతా చెప్పాను, వినపడదని రాస్తే నాకు తరగతి ఎవరిస్తారని. "వినపడకపోయినా ఇక్కడిదాకా చదువుకొచ్చారు. మీకు అడ్డం ఉన్నదాన్ని తగ్గించడమే మా పని, మిమ్మల్ని తగ్గించడం కాదు" అంది. తేలడానికి వారాలు పట్టింది. కాలేజీలో మా పెద్ద ప్రొఫెసరు గారు ఫీజు సంగతి తేలేదాకా నా పేరు కొట్టేయకుండా ఆపారు. క్రిస్మస్ వెళ్ళాక కబురొచ్చింది. చివరి ఏడాది ఫీజూ పుస్తకాలూ వాళ్ళే కడతారు. చెవుల్లో పెట్టుకునే యంత్రాలు కూడా వచ్చాయి. వెండెల్ సూప్ తాగితే ఎంత చప్పుడవుతుందో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. తెలియకపోయినా బాగుండేది.

ఇల్లు తాకట్టు పడకుండా ఇల్లుగానే ఉంది. ఆ కబురొచ్చిన పూట వెండెల్ పని మానేసి, ఏం చెయ్యాలో తోచక, ఉన్న కుర్చీలన్నిటికీ మేకులు బిగించాడు.

నిన్న బడిలో నా అభ్యాస పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి. తొమ్మిదో తరగతి. మొదటి మాటే అదే చెప్పాను. నాకు సరిగా వినపడదు, మాట్లాడాలంటే చెయ్యెత్తి, నన్ను చూస్తూ మాట్లాడండి అన్నాను.  వెనక వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తింది.

"మరి మేం గుసగుసలాడుకుంటే మీకు తెలియదా మేడమ్?"

"చెవులతో తెలియదు. కానీ ఈ గది ఆ చివర నుంచి కూడా పెదాలు చదువుతాను" అన్నాను.

తరగతి మొత్తం టక్కున నోళ్ళు మూసుకుంది. అలా మూసుకునే నవ్వుతున్నారు, భుజాలు ఊగుతున్నాయి. నేను బోర్డు వైపు తిరిగి మొదటి లెక్క రాశాను.

నీ
లొరీన్