లోపల వైరం

బాగలూరు,
9 సెప్టెంబరు 2025.

కేశవులన్నకు,

పిడికిలి బిగించి జితేంద్ర పెట్టే నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. కృష్ణగిరిలో నువ్వూ, వదినా, పాపా క్షేమమనే తలుస్తాను. నా నంబరును బ్లాక్ చేశావు గనక తపాలా శాఖను నమ్ముకున్నాను. చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

ముందే చెబుతున్నా, ఇది రాజీ ఉత్తరం కాదు. మనిద్దరం కలిసి పెట్టిన కార్మికుల చదువుల గదిని వదిలేసి, సూపర్‌వైజరు కుర్చీ ఎక్కి కృష్ణగిరి ప్లాంటుకు పోయినందుకు నీ మీద కోపం అలాగే ఉంది. ఆ రోజు అందరి ముందూ నిన్ను యజమాని మనిషివన్నాను. నువ్వు చెప్పులేసుకుని వెళ్లిపోయావు. అయినా ఈ ఆదివారం నువ్వు గదికి రావాలి. నీకొకటి చూపించాలి.

గది బయట ఎండకూ వానకూ పడి ఉండే పొడుగాటి చెక్క బెంచీ తెలుసు కదా. బూడిద రంగుకు తిరిగి, నెర్రెలు విచ్చి, కూర్చుంటే ప్యాంటుకు పేళ్లు గుచ్చుకునేవి. మొన్న గది ఓనరు అముదమ్మ దాన్ని గొడ్డలితో చీల్చబోయింది, నీళ్ల పొయ్యిలోకట! నాకు మండింది. పది మంది శ్రమను పొయ్యిలో పెట్టే హక్కు ఎవరికీ లేదని మన కరపత్రాల్లో ఉన్నదంతా ఆమె మీద కుమ్మరించాను. ఆమె చల్లగా, నా బెంచీ, నా పొయ్యి, నీకేమప్పా నొప్పి, అంత ప్రేముంటే నువ్వే దాన్ని మనిషిని చెయ్యి, ఆదివారం లోపల కాకుంటే నీళ్లు కాగబెట్టేస్తా అంది. సరేనని తొడగొట్టాను.

ఉప్పుకాగితం తెచ్చాను. మొదట కోపం కొద్దీ అడ్డదిడ్డంగా రుద్ది బెంచీ నిండా గీతలు పెట్టాను. కట్టెకు ఒక దారి ఉందనీ, ఆ దారినే పోవాలనీ చేతులు నొప్పి పుట్టాక తెలిసింది. రుద్దేకొద్దీ బూడిద రాలింది. ఇంకా రుద్దాను. అన్నా, ఎలా చెప్పను? కింద నుంచి బంగారు రంగు పైకి వచ్చింది! దాని మధ్య ఎర్రటి చారలు, ఏరు పారుతూ పారుతూ అలాగే ఆగిపోయినట్టు. చెమట చేతులకు ఆ పొడి అంటి పసుపు పూసినట్టయింది. బకెట్టులో కడిగితే నీళ్లు టీ రంగుకు తిరిగాయి. ఎండలోకి జరిపి చూస్తే, ఆ టీ నీళ్ల అంచున నెమలి మెడ నీలం! నేను దేవుణ్ణి నమ్మనని నీకు తెలుసు. అయినా ఎందుకో లేచి నిలబడ్డాను.

ఇది వేంగై, డెంకణికోట అడవిది అంది అముదమ్మ. మనం వేగిస చెట్టు అంటాం. ఎన్నేళ్ల వానలు తిన్నదో, లోపల ఒక్క రంగూ వదులుకోలేదు.

ఆ పూటే చిన్న తగాదా కూడా అయింది. నేను రుద్దుతూ నాలో నేను గొణుక్కుంటుంటే ఆమె కాఫీ తెచ్చి, ఉళ్ళే వైరం ఇరుక్కుప్పా అంది. లోపల వైరం ఉందనా! నేను ఎగిరిపడ్డాను. నాది సిద్ధాంతం, పగ కాదమ్మా అని అరిచాను. ఆమె గ్లాసు ఒలికేలా నవ్వి, అయ్యో నీ తెలుగు తగలెయ్య, అరవంలో వైరమంటే కట్టె లోపలి గట్టి, మీరు చేవ అంటారే, అదప్పా అంది.

చేవ! చేవ ఉంటే రండి అని ఎన్ని గేటు మీటింగుల్లో గొంతు చించుకున్నానో. అదెలా ఉంటుందో కళ్లారా చూసింది ఇప్పుడే.

అవిసె నూనె పట్టించి నీడన ఆరబెట్టాను. అందరికన్నా ముందు అముదమ్మే వచ్చి కూర్చుంది. నీళ్ల పొయ్యి సంగతేమిటమ్మా అంటే, ఏం పొయ్యి, యాడి పొయ్యి అంటోంది.

ఇట్లు,
కోపం తగ్గని నీ తమ్ముడు,
జితేంద్ర

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఒకటి దాచానన్నా. అముదమ్మ ఆ వైరం మాట అన్నది బెంచీ గురించి కాదు. నేను గొణుగుతున్నది నిన్ను. కేశవులన్న పుచ్చిపోయినాడు, లోపల ఏమీ మిగల్లేదు అంటున్నాను. దానికి ఆమె జవాబు అది. ఆమె కూతురు లక్ష్మీప్రియ నీ పాత లైనులోనే పని చేస్తుందట. షిఫ్టంతా నిలబడే ఆ ఆడవాళ్లకు నువ్వు సూపర్‌వైజరు కాగానే స్టూళ్లు వేయించావట. పైవాళ్లు తీసెయ్యమంటే తియ్యలేదట. అందుకే నిన్ను కృష్ణగిరికి తోసేశారట. మా పాప ఈ పొద్దు కూచోని పని చేస్తా ఉందంటే ఆయప్ప వల్లనే, నీకు తెలీదా అని అడిగింది.

నాకు తెలీదన్నా. ఆ రోజు అంతమంది ముందు ఒక్క మాటతో నా నోరు మూయించి ఉండొచ్చు. నువ్వు చెప్పలేదు.

ఆదివారం రా. నువ్వు వచ్చి కూర్చునేదాకా నేను ఆ బెంచీ మీద కూర్చోను.