మొదటి పేజీలో మావారు

సీతాఫల్‌మండి, 12-6-2006

కల్పలత అక్కకి లోవలక్ష్మి నమస్కారాలు.

నా వంకర రాతా, తప్పులూ చూసి నవ్వకండి. అయిదో తరగతితో బడి మానేశాను. ఫోను చేద్దామంటే, "గిరాకీలు వస్తాయి, దాన్ని ముట్టుకోకు" అన్నారు మావారు. మూడు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు, గిరాకీలతో సహా.

"సైట్లు చేసే ఆఫీసులో ఉన్న మా అమ్మాయికే రాయి" అని మీ అమ్మగారు, అదే మా ఇంటి ఓనరు శారదమ్మగారు చెప్పారు. నీళ్ల ట్యాంకులు కడిగే మా పనికి మీరు చెప్పి పెట్టించిన సైటు ఎవరికీ కనబడటం లేదట. అందులో సంగతులు నేనే కాగితం మీద రాసిస్తే నెట్‌సెంటర్ తిరుమల్ గారు ఉన్నదున్నట్టు ఎక్కించారు. ఇంటింటికీ కార్డులు పంచాం. కార్డు మీది పేరు కొట్టి వెతికితే కుక్కల డాక్టరు వస్తున్నాడట.

దసరాలోగా పది ట్యాంకులు రాకపోతే గది ఖాళీ చేసి, నన్ను తునిలో అత్తగారి దగ్గర దింపి, తను స్నేహితుడి గదికి పోతానన్నారు మావారు. పెళ్లయి తొమ్మిది నెలలే. మొదటి పేజీలోకి రావాలంటే ఏం చెయ్యాలక్కా?

మీ చెల్లెలిలాంటి
లోవలక్ష్మి

తా.క. పని లేక ఆయన మీ అమ్మగారి ట్యాంకు ఈ నెల నాలుగోసారి కడిగారు.

*

మారేడ్‌పల్లి, 17-6-2006

చెల్లె లోవలక్ష్మికి,

పరేషాన్ కాకు. సైటుకి పైన టైటిల్ ఉంటది, అండ్ల పేరు ఉండాలె. లోపల సుత పేరు మళ్లా మళ్లా రావాలె. ఇంకోటి, వేరే సైట్లోళ్లు మీ సైటు గురించి చెప్పి లింకు ఇయ్యాలె. నలుగురు మంచోడంటేనే కదా మనం నమ్ముతం, కంప్యూటర్ సుత గంతే. ఇవి చేసి జెర ఓపిక పట్టు, రెండు మూడు నెలలు పడ్తది.

ఆఫీసుల పని మస్తుంది, నీ సైటు నేనింకా చూడలే.

అక్క
కల్పలత

తా.క. నాలుగోసారి కాదు, అయిదోసారి. అమ్మ మా ఇంటికొచ్చి స్నానం చేసి పోయింది.

*

సీతాఫల్‌మండి, 20-7-2006

కల్పలత అక్కకి,

మీరు చెప్పినవన్నీ చేశాను. మా నాయనమ్మ రామకోటి రాసినట్టే, గళ్ల పుస్తకం కొని, తలస్నానం చేసి, రోజుకి నూటెనిమిది చొప్పున పదిరోజులు రాశాను. తిరుమల్ గారు అంతా ఎక్కించి, "ఏందమ్మా గిది, నా వేళ్లు పోయినయ్" అన్నారు.

తర్వాత లింకులు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే మా వైపు ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాం. సైట్లున్నవాళ్ల ఇళ్లు కనుక్కుని ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టాను. "ఫంక్షన్ ఎప్పుడు?" అన్నారు. లింకు కోసమని చెప్పడానికి సిగ్గేసింది. ఆదివారం అనేశాను. ఆదివారం పదకొండుమంది భోజనానికి వచ్చారు. వండి పెట్టాను. ఒక్కరూ లింకు ఇవ్వలేదు.

పక్కింటి సువార్త గారికి బొట్టు పెట్టలేను కనుక నోటితో అడిగాను. ఆవిడ వాళ్ల చర్చి సైట్లో పెట్టించారు, ప్రార్థన అవసరతల కింద: "పొరుగు సహోదరి భర్త. ట్యాంకులు కడుగును. పని లేదు."

 నిన్న మావారు అటక మీంచి నా పెట్టె దించి దుమ్ము దులిపారు.

లోవలక్ష్మి

తా.క. ఫోను ఒకసారి మోగింది. ఎవరో ధైర్యంగా ఉండమని ప్రార్థన చేసి పెట్టేశారు.

*

మారేడ్‌పల్లి, 2-8-2006

చెల్లే,

ఇయ్యాల సైటు చూసిన. చాయ్ గొంతుల అడ్డం పడ్డది. పైన టైటిల్ "మావారు". లోపల "మావారు ట్యాంకులోకి దిగేముందు కాళ్లు కడుక్కుంటారు". కింద వెయ్యిన్ని ఎనభై సార్లు మావారు! పైడిబాబు ట్యాంక్ క్లీనింగ్ అని ఒక్క తాన లేదు. ఇగ ఎవరికి దొరుకుతది?

మళ్లా మళ్లా అన్న గని గిట్ల కుమ్మరించమన్ననా? మోసమనుకొని ఇంకా కిందికి నూకుతయ్. అవన్నీ తీసెయ్. అన్న పేరు పైన ఒకసారి, లోపల రెండు మూడు సార్లు చాలు. ఏ ఏరియాలకి వస్తరు, ట్యాంకు ఎట్ల కడుగుతరు, ఎన్ని నెలలకోసారి కడగాలె, గిట్ల పనికొచ్చే ముచ్చట్లు రాయి. సైటు తాళం తిరుమల్ దగ్గరుంది, నాకు రాదు. ఇయ్యాల్నే పోయి పేరు రాయి.

కల్పలత

తా.క. "మావారు" అని కొడ్తే మాత్రం నువ్వే ఫస్టు.

*

సీతాఫల్‌మండి, 7-8-2006

కల్పలత అక్కకి,

పేరు ఎలా రాయను? మావారి పేరు నేను నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు అప్పలకొండమ్మగారు కాపురానికి పంపేటప్పుడే చెప్పారు. తిరుమల్ గారిని మీరే వెయ్యండంటే, "నువ్ రాసిచ్చిందే ఎక్కిస్త" అన్నారు. మావారికి చెబుదామంటే, ఇన్నాళ్లూ నా వల్లే ఫోను మోగలేదని తెలిసిపోతుంది.

నిన్న గుండె రాయి చేసుకుని కూర్చున్నాను. మొదటి అక్షరం రాశాను. వాకిట్లో ఆయన తుమ్మారు. చెరిపేశాను.

లోవలక్ష్మి

తా.క. దసరా మర్నాటికి తుని టికెట్లు తీశారు. ఆయనకి రానూ పోనూ, నాకు పోను మాత్రమే.

*

మారేడ్‌పల్లి, 11-8-2006

చెల్లే,

గట్లనే కూసుంటే ఆయుష్షు కాదు, కాపురం పోతది. అన్నకు నిజం చెప్పు.

కల్పలత

తా.క. నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్త. బీపీ తప్ప ఏం లేదు.

*

సీతాఫల్‌మండి, 28-9-2006

కల్పలత అక్కకి,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు ఇంకా వంకరగా ఉంటాయి, ఏమీ అనుకోకండి.

మీ ఉత్తరం అందిన రోజే ఆయనకి చెప్పేశాను. వెంటనే నన్ను నెట్‌సెంటర్‌కి తీసుకెళ్లి, నిలబడే మొత్తం చదివారు, వెయ్యిన్ని ఎనభై వరసలూ. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. చివరికి తిరుమల్ గారితో, "నా పేరు ఇది రాయదు. దీని పేరెట్టీయండి. లోవలక్ష్మి ట్యాంక్ క్లీనింగ్" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు.

నా పేరు రాయడానికి నాకేం భయం? అయినా మూడుసార్లే రాశాను. మిగతావి మీరు చెప్పినట్టే. కార్డులు మళ్లీ వేయించాం. ఈ నెలలో మొదటి పేజీకి వచ్చాం. ఎనిమిది ట్యాంకులు అయ్యాయి. తొమ్మిదోది సువార్త గారి చర్చిలో బాప్తిస్మం తొట్టి. అది ట్యాంకు కిందకి వస్తుందా అని ఆయన ఒక పూట ఆలోచించి, వస్తుందన్నారు.

కానీ నా గతి చూడండి. అందరూ లోవలక్ష్మి మేడమ్ కావాలంటున్నారు. ఆయన ట్యాంకులో ఉంటారు, ఫోను నా చేతిలో ఉంటుంది. పదోది రేపు నేరేడ్‌మెట్‌లో. పెద్ద అపార్ట్‌మెంటు. వచ్చే మనిషి పేరు మేడమే ఫోనులో చెప్పాలట, ఆ పేరే గేటు పుస్తకంలో రాసి లోపలికి వదులుతారట. పొద్దున్న తొమ్మిదికి ఫోను చేస్తారు. టికెట్లు ఇంకా గూట్లోనే ఉన్నాయి.

మీ
లోవలక్ష్మి

తా.క. అనేముందు ఒకసారి రాసి చూద్దామనుకున్నాను. పైడిబాబు. ఇప్పటిదాకా తుమ్ము వినబడలేదు. అయినా మీ కాళ్లు పట్టుకుంటాను, చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్యండి.