సముద్రం ఆగిన సినిమా

1977 ఆగస్టు 12

మా ఆయన అంతోని గారు ఇవాళ మళ్ళీ కథ కోసం నా ప్రాణం తీశారు. గాంధీనగరంలో సినిమా కంపెనీకి రచయితన్న మాటే గానీ సైన్సు ముక్క రాదు. హీరోకి ల్యాబ్‌లో యాక్సిడెంట్ అవుతుందట. ఆ తర్వాత చెయ్యి చాపితే ఎంత నీళ్ళైనా ఆగిపోతాయట. ఎంతసేపు అన్నాను. ఎంతసేపైనా అన్నారు. అలాగైతే ఇంకెవడికి భయం, ఇక కథెందుకు? హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, ఊరుకుంటానా! ఊపిరి బిగబట్టినంతసేపే ఆగాలి, ఎంత శక్తి వచ్చినా మనిషేగా అన్నాను. ఎగిరి గంతేశారు. ఈ రూలు మటుకు మార్చనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు.

సెప్టెంబర్ 3

క్లైమాక్స్ కుదిరింది. ఉప్పెన వస్తుంది. సగం ఊరిని దాటించేసరికి హీరోకి ఊపిరి అయిపోతుంది. మిగతా సగం పోతుంది. చదివి వినిపిస్తూ ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

నవంబర్ 26

లాజరు లేడు. నా ఒక్కగానొక్క తమ్ముడు. నాగాయలంక దగ్గర పల్లెలో టీచరుగా చేరి ఆర్నెల్లు కూడా కాలేదు. ఉప్పెనలో వాడుండే వీధికి వీధే పోయింది. శవం కూడా దొరకలేదు.

1978 మార్చి 9

లాజరు ఆత్మ కోసం చర్చిలో పూజ చేయించమని అమ్మే అడిగింది. ఇన్నాళ్ళూ ఆ మాటెత్తితే మీదికొచ్చేది, బతికున్నవాడికి పూజేంటే అని. పూజ అయ్యాక ఇంటికొచ్చి రెండు ముద్దలు తింది. హమ్మయ్య.

అక్టోబర్ 11

రేపు సినిమా రిలీజు. అమ్మని తీసుకెళ్ళొద్దన్నాను. సగం ఊరు కొట్టుకుపోవడం చూసి ఆవిడ తట్టుకోలేదు. ఏం కాదు, నన్ను నమ్ము అన్నారు.

అక్టోబర్ 12

ఎంత మోసం! ఎంత మోసం!

హీరో సముద్రాన్ని ఆపి, ఆ ఊపిరితోనే పేజీడు డైలాగు చెప్పాడు. ఆపైన డ్యూయెట్ కూడా పాడాడు. ఈలలు, తెర మీదికి చిల్లర. ఒక్కడూ చావలేదు. ఆఖర్న నీళ్ళలోంచి ఓ కుర్ర టీచరు ఇస్త్రీ చొక్కాతో నవ్వుతూ నడిచొచ్చాడు. వాడి పేరు లాజరట. అమ్మ నా పక్కన లేచి నిలబడింది.

ఇంటికొచ్చి కడిగేశాను. తుఫాను తర్వాత జనం చచ్చే సినిమా ఎవరు కొంటారని డిస్ట్రిబ్యూటర్లు పట్టుబట్టారట. తనేమో లాజరుని సినిమాలోనైనా బతికించుకుందామనుకున్నారట. నన్నడిగారా? రూలు నాది, తమ్ముడు నావాడు.

హీరోకి ఊపిరి అయిపోయి జనం పోతే ఎవరి తప్పూ లేదు. ఆ ఊపిరే అక్కర్లేదంటే, మరి మా వాడి కోసం ఎవరూ ఎందుకు రాలేదు? దీనికి జవాబు చెప్పమన్నాను. దుప్పటి ముసుగేసుకున్నారు.

అక్టోబర్ 15

అమ్మ మళ్ళీ చూసింది. ఆయనే తీసుకెళ్ళారు.

అక్టోబర్ 18

మూడోసారి. వచ్చే నెల సంవత్సరీకం పూజ వద్దంది అమ్మ.

అక్టోబర్ 21

అమ్మ పొద్దున్నించీ బస్టాండులో, అవనిగడ్డ బస్సులు ఆగేచోట కూర్చుంది. లాజరు వస్తాడట. వెళ్ళి, వాడిక రాడని చెప్పండి, మీరు రాసిందేగా అన్నాను ఆయనతో. వెళ్ళారు. ఆవిడ పక్కనే, తనూ బస్సుల వైపు చూస్తూ కూర్చుండిపోయారు. చివరికి నేనే పోయి చెప్పాను.

అమ్మ ఇప్పుడు నాతో కాదు, ఆయనతోనే మాట్లాడుతోంది.