నీడ లేని షెడ్డు

రొంపిచెర్ల,
ఫిబ్రవరి 12.

హైదరాబాదులో లైట్ల కంపెనీ సర్వీసు ఆఫీసరు గారికి, రొంపిచెర్లలో మిరపకాయల షెడ్డు నడిపే రంగనాయకమ్మ రాసేది.

ఫోను చేస్తే ఒకటి నొక్కమంటది, రెండు నొక్కమంటది, తర్వాత పాట పెడతది. వేలు నొప్పి పుట్టి ఉత్తరం రాస్తన్నా. మా షెడ్డులో నలభై మంది ఆడోళ్ళు కూర్చుని, ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయలు ఏరేస్తారు. తాలు కలిస్తే వ్యాపారి బస్తా వెనక్కి పంపుతాడు. షెడ్డంతా ఒకేలాగా వెలుగు పరుచుకుంటదని చెప్పి మీవాళ్ళు లైట్ల కింద ప్లాస్టిక్ షీట్లు బిగించి పోయారు. ఆ రోజు నుంచి లైట్లు కనపడటం లేదు. కప్పంతా మజ్జిగ పోసినట్టుంది. మాకు నీడ లేకుండా పోయింది. నలభై మందీ ఇబ్బంది పడతన్నారు. ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
రంగనాయకమ్మ.

తా.క. షీట్లను తడిమితే సన్నటి పొక్కులు తగిలినయ్. వాడిన సరుకు అంటగట్టారని ఒకదాన్ని దించి కొబ్బరిపీచుతో గంటసేపు రుద్దించా. సగమే పోయినయ్.

హైదరాబాదు,
ఫిబ్రవరి 19.

గౌరవనీయులైన రంగనాయకమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా ఆఫీసంతా బాధపడింది. నలభై మంది నీడ కోల్పోవడం మాటలు కాదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదని ఆశిస్తున్నాను. అయితే మా షీట్లు చాలా తేలికైనవనీ, వాటి బరువుకు షెడ్డు కూలే అవకాశం లేదనీ మా లీగల్ విభాగం రాయమన్నది. శిథిలాల ఫోటోలు పంపగలరు.

భవదీయుడు,
ఇక్బాల్, సర్వీసు విభాగం.

తా.క. అవి పొక్కులు కావు. ఒక్కొక్కటీ కంటికి ఆననంత చిన్న భూతద్దం లాంటిది. లైటు వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టి షెడ్డంతా సమంగా పరచడమే వాటి పని. దయచేసి మిగిలినవాటిని రుద్దించకండి.

రొంపిచెర్ల,
ఫిబ్రవరి 26.

నాయనా ఇక్బాల్,

షెడ్డు కూలలేదు. ముందు ఆ లీగలాయన్ని కాసేపు ఊరుకోమను. నీడంటే నీడే, ఎండలో మనిషి పక్కన పడేది. కాయల మీద చెయ్యి పెడితే చేతి నీడ పడటం లేదు. మా అంకమ్మ అది చూసి, "నీడ పడకపోతే మనం ఉన్నట్టా లేనట్టా అక్కా?" అని అడిగింది. మర్నాడు ఆరుగురు పనికి రాలా.

అది చాలదన్నట్టు, ఆ షీట్లలోంచి పొగమంచులాగా వెలుగు దిగి ఎర్రకాయ కూడా పాలిపోయి కనపడతంది. కోటమ్మ ఇరవై ఏళ్ళుగా మా దగ్గరే చేస్తంది. ఇప్పుడామె ఏరిన గంపలో చెయ్యి పెడితే గుప్పెడు తాలు. వయసు మీద పడి చూపు తగ్గినట్టుందని, సోమవారం నుంచి రావద్దని చెప్పా. ఆమె గంప బోర్లించి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలా. విసిగిపోయా నాయనా.

ఇట్లు,
రంగనాయకమ్మ.

తా.క. శిథిలాల ఫోటో అడిగావు. మా ఇంట్లో డెబ్బై రెండేళ్ళ మా ఆయన ఉన్నాడు. ఆయనది పంపుతున్నా.

హైదరాబాదు,
మార్చి 4.

రంగనాయకమ్మ గారికి నమస్కారాలు.

షెడ్డు, బాబాయి గారు ఇద్దరూ క్షేమమని తెలిసి సంతోషం. నీడ పడకపోవడమే మా షీట్ల గొప్ప. వెలుగు ఒక్క చోటు నుంచి కాక కప్పు అంతటి నుంచీ వస్తే, చెయ్యి ఎక్కడ పెట్టినా దాని కింద చీకటి నిలవదు. అంకమ్మ గారిని ఒకసారి ఎండలోకి వెళ్ళి చూసుకోమనండి. ఆమె నీడ ఆమె దగ్గరే ఉంటుంది.

కానీ ఎర్రకాయ పాలిపోయి కనిపిస్తోందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కోటమ్మ గారి గంపలోంచి ఇరవై తాలు కాయలు పోస్టులో పంపండి. అందాకా ఆమెను మాన్పించకండి.

భవదీయుడు,
ఇక్బాల్.

తా.క. మా కంప్యూటరులో 'నీడ లేదు' అనే ఫిర్యాదుకు గడి లేదు. దగ్గరగా ఉందని 'కప్పు కారుతోంది' గడిలో వేశాను. టార్పాలిన్ వస్తే తిప్పి పంపకండి. దానికీ గడి లేదు.

రొంపిచెర్ల,
మార్చి 10.

నాయనా ఇక్బాల్,

టార్పాలిన్ వచ్చింది. కల్లంలో కాయల మీద కప్పాం. మీ కంపెనీ పంపినవాటిలో అదొక్కటే మంచి సరుకు. నేనే స్వయంగా ఏరి ఇరవై తాలు కాయలు పంపుతున్నా. షీట్లు బాగున్నయ్యనే నలభై మందీ అంటన్నారు. అంతమంది ఒకే మాట మీద ఉన్నారంటే ఏదో కూడబలుక్కున్నట్టే. కబురు చేస్తే కోటమ్మ వచ్చి కూర్చుంది. నా మొహం చూడటం లేదు.

ఇట్లు,
రంగనాయకమ్మ.

తా.క. పార్శిలు విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టుకో.

హైదరాబాదు,
మార్చి 17.

అమ్మా,

మీ తా.క. చదివేలోపే పార్శిలు విప్పాను. తుమ్ములు తగ్గాక ఏడుగురం కిటికీ దగ్గర నిలబడి చూశాం. ఇరవైలో ఒక్కటీ తాలు కాదు. అన్నీ నిగనిగలాడే ఎర్రకాయలే. ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. నలభై మందికి కనపడని పొగమంచు మీ ఒక్కరికే కనపడుతోందంటే, అది షీట్లలో లేదమ్మా. నరసరావుపేట వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకోండి.

మీ,
ఇక్బాల్.

తా.క. ఆ కాయలతో మా లీగల్ ఆయన పచ్చడి చేయించుకున్నాడు. రెండు రోజులుగా ఆయన ఏమీ రాయమనడం లేదు.

రొంపిచెర్ల,
ఏప్రిల్ 2.

నాయనా ఇక్బాల్,

రెండు కళ్ళలోనూ శుక్లాలంట. చానా కాలం నుంచే ఉన్నయ్యన్నాడు డాక్టరు. మొన్న కుడికంటికి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు చదవొద్దు, రాయొద్దన్నారు. నేను చెబుతుంటే కోటమ్మ రాస్తంది. ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నదీ ఆమే. చెయ్యి పట్టుకుని, తప్పయిందే కోటమ్మా అన్నా. "సరేలే అక్కా, చుక్కల మందు వేసుకో" అంది. అంతకన్నా ఏమైనా అంటే బాగుండేది. మీ షీట్లు మంచియ్యే. నా మాటకు ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
రంగనాయకమ్మ.

తా.క. ఇది అక్క చెప్పింది కాదు బాబూ, కోటమ్మను రాస్తన్నా. అక్కకు చూపు ఆనటం లేదని మాకు ఏడాది నుంచి తెలుసు. ఆమె మంచియ్యనుకుని గంపలో కలిపిన తాలు, తాలని పారేసిన ఎర్రకాయలు, సాయంత్రం ఆమె ఇంటికి పోయాక నలభై మందిమీ కూర్చుని మళ్ళీ ఏరేవాళ్ళం. చెబితే చిన్నబుచ్చుకుంటదని ఎవరం నోరు విప్పలా. రెండో కంటికి కూడా అయితే మేమూ పెందలాడే ఇళ్ళకు పోతాం. ఈ ముక్క జవాబులో రాయమాకండి. రాసినా ఆమెకు చదివి పెట్టేది నేనే.